పది రోజుల గడువు

మార్చి 5, మంగళవారం

లిఫ్టు కంపెనీ ఏటా మెకానిక్కులకు ఇచ్చే డైరీ ఇది. ఎప్పుడూ మా అమ్మాయి చిట్టికి రఫ్ పుస్తకంగా ఇచ్చేసేవాణ్ణి. ఈ ఏడు ఇవ్వబుద్ధి కాలేదు. పదకొండేళ్ల పిల్ల, అడిగింది కూడా. దానికి వేరే నోటుబుక్కు కొనిచ్చాను.

ఈవేళ నెలలో మొదటి మంగళవారం. హౌసింగ్ ఆఫీసు వరండాలో లిస్టు అంటించే రోజు. మునిసిపాలిటీ అద్దె ఇంటికి మేం దరఖాస్తు పెట్టి ఏడేళ్లు దాటింది. పోయిన నెల పదకొండో పేరు మాది. ఈవేళ పద్నాలుగు. నిలబడ్డ వరస వెనక్కి ఎలా నడుస్తుందో అర్థంకాక కౌంటరు దగ్గరికి వెళ్లాను. అక్కడ కూర్చునే ఆవిడకి ఏడాది పొడుగునా జలుబే. ఏదో పాత భవనం గోడ కూలిందట, అందులోంచి ఖాళీ చేయించిన మూడు కుటుంబాలకి ముందు చోటిచ్చారట. "మీకు కోపం రావడం సహజమేనండీ. కానీ వాళ్ల నెత్తిన కప్పు లేదు," అంది. నాకు కోపం రాలేదన్నాను. నిజంగానే రాలేదు.

వరండాలో రూల్సు తాత కనిపించాడు. ప్రెస్సులో ప్రూఫులు దిద్ది రిటైరైన మనిషి. పదకొండేళ్లుగా ఈ ఆఫీసు చుట్టూ తిరుగుతున్నాడు. లిస్టులో అచ్చుతప్పు కనబడితే జేబులోంచి ఎర్రపెన్ను తీసి దిద్దేస్తాడు. మా ఇంటిపేరులో ఒత్తు పోయిందని ఈవేళ అదీ దిద్దాడు. ఇది కిరాణా కొట్టు ముందు లైను కాదు నాయనా, ముందొచ్చినవాడికి ముందివ్వడానికి, అన్నాడు. మనిషికి ఎంత చోటు, పిల్ల ఎంత ఎదిగింది, ఎన్నాళ్లుగా ఎదురుచూస్తున్నావు, అన్నిటికీ మార్కులట. చిట్టికి పదేళ్లు నిండినప్పుడు మాకూ పెరిగాయి, ఆడపిల్లకి వేరే గది ఉండాలని. పరీక్ష రాయకుండానే పాసవుతాం, రాయకుండానే తప్పుతాం.

ఇంటికొచ్చి పద్నాలుగని చెప్పాను. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆగింది. "పద్నాలుగా," అంది. మళ్లీ మడతపెట్టుకుంది.

తనకి బాధ. నాకు, ఇక్కడ రాస్తే ఎవరూ చూడరు కనక, కాస్త ఊపిరాడింది.

మార్చి 9

ఎందుకు ఊపిరాడిందో రాయాలి.

జనవరిలో తను చెప్పింది. పోట్లాడుతూ చెప్పలేదు. యూనిఫాంలు కుట్టే షెడ్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, మంచమ్మీద కూర్చుని చెప్పింది. "ఇల్లు వచ్చాక నేనూ చిట్టీ అందులో ఉంటాం. మీరు ఇక్కడే ఉండిపోండి. అందాకా ఎవరితోనూ అనొద్దు. ఇప్పుడే విడిపోయామంటే కాగితాలన్నీ మళ్లీ మొదటికొస్తాయి."

ఇక్కడ అంటే అన్నయ్య ఇంటి వెనక గది. పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు, రేకుల కప్పు. బాత్రూము వాళ్లకీ మాకూ ఒకటే. పెళ్లయిన కొత్తలో ఆరు నెలలుందామని వచ్చాం.

నాలుగేళ్ల కిందట ఒకసారి ఇల్లొచ్చింది. నది అవతల. అంత దూరం ఎందుకురా అన్నాడు అన్నయ్య. నేను ఆఫీసుకెళ్లి వద్దని సంతకం పెట్టి, సాయంత్రం వచ్చి తనకి చెప్పాను. ముందు సంతకం, తర్వాత చెప్పడం. ఆ రోజు తను ఏమీ అనలేదు. నాలుగేళ్లు ఆలోచించుకుని జనవరిలో అంది.

కారణం అదొక్కటేనని నేననుకుంటున్నాను. అదొక్కటే కాదంది తను. మిగతావి ఏమిటో నేను అడగలేదు.

ఏప్రిల్ 2

ఎనిమిది. కొత్త బ్లాకు తయారైందట, ఒక్కసారే ఆరుగురికి ఇచ్చేశారు. తను షెడ్డులో గంట సెలవడిగి నాతో వచ్చింది. లిస్టు మీద వేలు పెట్టి మా పేరు పట్టుకుంది. నా పేరు, పక్కన తన పేరు, దాని పక్కన చిట్టి పేరు. ఒకే గీత మీద ముగ్గురం.

ఏప్రిల్ 18

తనిఖీకి వచ్చారు. టేపు పట్టుకుని ఒక అధికారి. గది కొలిచి, రేకుల వంక చూసి, ఏదో రాసుకున్నాడు. ఎంతమంది పడుకుంటారిక్కడ అని అడిగాడు. వదిన చెవులు చేటలు చేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. తను తడుముకోకుండా "ముగ్గురం" అంది. అంత సాఫీగా అందంటే ఒక్క క్షణం నేనూ నమ్మాను.

జనవరి నుంచి మంచమ్మీద తనూ చిట్టీ, కింద చాప మీద నేను. ఈవేళ పొద్దున్నే నా చాప తనే చుట్టి మంచం కిందికి తోసేసింది. మంచమ్మీద మూడో దిండు పెట్టింది. నా దిండు.

పాప ఎక్కడ చదువుకుంటుందని ఆయన అడిగితే, నాన్న టూల్సు బ్యాగు మీద పుస్తకం పెట్టుకుని అని చిట్టి జవాబిచ్చింది. ఆయన నవ్వి అదీ రాసుకున్నాడు. దానికీ మార్కులుంటాయేమో.

ఆయన వెళ్లిపోయాక కూడా, సాయంత్రం దాకా ఆ దిండు మంచమ్మీదే ఉంది. తీయడం మరిచిపోయిందనుకోవచ్చు. తను మరిచిపోయే మనిషి కాదు.

ఏప్రిల్ 19

దిండు చాప మీదికి వచ్చేసింది.

మే 7

ఐదు. రూల్సు తాతకి చెబితే సంతోషించి, చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్లాడు. "ఇక ఏ రోజైనా ఉత్తరం రావచ్చు. సంతకం పెట్టించుకుని ఇస్తారు. ఆ రోజు నుంచి పది రోజులు గడువు. దరఖాస్తు ఎవరి పేరున ఉందో ఆ మనిషే వచ్చి అవుననో కాదనో చెప్పాలి. ఉలుకూ పలుకూ లేకపోతే కాదన్నట్టే లెక్క. ఒకసారి కాదంటే క్షమిస్తారు. రెండోసారికి నీ తేదీ పోతుంది. ఆ రోజే దరఖాస్తు పెట్టినట్టు అడుగున పడేస్తారు."

నాకు ఒకసారి అయిపోయిందన్నాను.

"అయితే ఒళ్లు దగ్గర పెట్టుకో," అన్నాడు.

మే 26, ఆదివారం

తను షెడ్డులో మిగిలిన గుడ్డతో కర్టెన్లు కుడుతోంది. యూనిఫాం నీలం. కిటికీ కొలత తెలియకుండా ఎలా కుడుతున్నావన్నాను. ఏ కిటికీ అయినా మూడడుగులుంటుంది కదా అంది. రెండు జతలు కుట్టింది.

వారం రోజులుగా నాతో బాగానే మాట్లాడుతోంది. నిన్న నా చొక్కాకి ఊడిన బొత్తాం అడక్కుండానే కుట్టి పెట్టింది. కుట్టుపని చేసే మనిషి కదా, చెయ్యి ఊరుకోదు అనుకోవచ్చు. కానీ షెడ్డులో తను కుట్టేది కాలర్లు. బొత్తాలు కాదు.

జూన్ 4

మూడు.

చిట్టి అడిగింది, కొత్త ఇంట్లో నాన్న టూల్సు ఎక్కడ పెట్టుకుంటాడని. "చూద్దాం," అంది తను. లేదనలేదు. చూద్దాం అంది.

జూన్ 11, మంగళవారం

ఉత్తరం వచ్చింది. నేను పనినుంచి వచ్చేసరికి వదిన వీధి గుమ్మంలోనే ఎదురొచ్చి చేతిలో పెట్టింది. పోస్టుమన్ నా సంతకం తీసుకుని మరీ ఇచ్చాడు, ఏమిటట అంది. తనిఖీ తాలూకు కాగితం వదినా, అన్నాను. ఎందుకలా అన్నానో తెలియదు. నోట్లోంచి అదే వచ్చింది. ఇంట్లో నేనే చెబుతాలే అని కూడా అన్నాను.

రెండు గదులు, వంటగది. మూడో అంతస్తు. చిట్టి బడికి నడిచి వెళ్లేంత దూరం.

రేపు చెబుతాను. ముందు నేను చూడాలి కదా. పోయినసారి చూడకుండా వద్దన్నాననే కదా అంత మాట పడ్డాను.

ఉత్తరం టూల్సు బ్యాగులో, స్పానర్ల కింద ఉంది.

జూన్ 12

భోజనం వేళలో వెళ్లి చూశాను. ఉత్తరం చూపిస్తే వాచ్‌మన్ తాళం తీశాడు. అలవాటు కొద్దీ ముందు లిఫ్టు చూశాను. తలుపులు సాఫీగా మూసుకున్నాయి. మూడో అంతస్తులో మాత్రం నేలకి వేలెడు ఎత్తులో ఆగుతోంది. పది నిమిషాల పని. చీపురు పట్టుకుని ఎదురొచ్చిన ఒక ముసలావిడ నా కంపెనీ చొక్కా చూసి, ఇన్నాళ్లకి వచ్చారా బాబూ అంది. ఆవిడ కోసం అది సరిచేసి, అప్పుడు ఇంట్లోకి వెళ్లాను.

కొత్త సున్నం వాసన. ముందు గదిలో కిటికీ తూర్పుకి. బడి గంట వినిపిస్తుంది. లోపలి గది చిన్నది, మంచం, బల్ల పడతాయి. దానికి వేరే తలుపుంది, తలుపుకి లోపల గడియ ఉంది. గడియ వేసి కాసేపు నిలబడ్డాను. వంటగదిలో గట్టు ఎత్తు చేత్తో కొలిచాను. సరిగ్గా తన నడుందాకా వస్తుంది, వంగక్కర్లేదు.

కుళాయి ధార సన్నగా ఉంది. వంటగది మూల అరచేయంత చెమ్మ. తడి సున్నమండీ, ఆరిపోతుంది అన్నాడు వాచ్‌మన్. వాడు అలాగే అంటాడు. చెమ్మంటే పిల్లలకి ఉబ్బసం వస్తుంది. చిట్టికి ఉబ్బసం లేదు గానీ రాదని ఏముంది?

కిటికీ నాలుగడుగులుంది. తన కర్టెన్లు చాలవు.

జూన్ 13

చెప్పలేదు. షెడ్డులో పని ఎక్కువై తను బాగా అలిసిపోయి వచ్చింది.

జూన్ 14

చెప్పలేదు.

జూన్ 16, ఆదివారం

సెలవు రోజులు ఆ పదిలో కలుస్తాయో కలవవో తాతని అడగాలి. కలవకపోతే ఇంకా బోలెడు సమయం ఉంది.

జూన్ 18

కలుస్తాయట. అడిగినందుకు తాత నా మొహంలోకి చూసి, "ఏం, వచ్చిందా?" అన్నాడు. లేదు, ఊరికే అడిగానన్నాను. ఈమధ్య అబద్ధం నాకు మంచినీళ్లు తాగినట్టు వస్తోంది.

జూన్ 19

సాయంత్రం పెద్ద వాన. రేకుల సందుల్లోంచి రెండు చోట్ల కారింది. ఒకచోట బకెట్టు, ఒకచోట గిన్నె పెట్టి, నేల తడిసిందని ముగ్గురం మంచమెక్కి కూర్చున్నాం. చిట్టి వాళ్ల లెక్కల టీచరు నడక నటించి చూపించబోయి మంచం మీంచి బకెట్లో కాలు పెట్టింది. తను నవ్వింది. ఎన్నాళ్లయిందో తను పళ్లు కనబడేలా నవ్వి. నవ్వులో తన భుజం నా భుజానికి తగిలింది. తీసుకోలేదు. తీసుకోవడానికి అక్కడ చోటూ లేదు.

ఇరుకు కాబట్టే ముగ్గురం ఒక్కచోట ఉన్నాం. దీనికి ఆఫీసులో మార్కులేమీ లేవు.

ఇంకొన్నాళ్లు ఇలా గడిస్తే తనే మనసు మార్చుకుంటుంది. మనిషన్నాక మెత్తబడకుండా ఉంటుందా? ఇంకొన్నాళ్లు, అంతే.

జూన్ 20

రేపు ఆఖరి రోజు. పొద్దున్నే వెళ్లి అవునని సంతకం పెట్టేస్తాను. తాళంచెవి తెచ్చి తన చేతిలో పెడతాను. ఏమంటుందో చూస్తాను. ఇదే పద్ధతి.

జూన్ 21, శుక్రవారం

బయల్దేరాను. ఇంతలో కంపెనీ నుంచి ఫోను. తొమ్మిదంతస్తుల భవనంలో లిఫ్టు నాలుగుకీ ఐదుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఒక పెద్దావిడ ఉంది. ప్రాణంతో పని. మోటారు గదికెక్కి బ్రేకు వదిలి చేత్తో తిప్పి దించేసరికి నలభై నిమిషాలు. ఆవిడ బయటికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ చేతులు చల్లగా ఉన్నాయి. ఆవిడ కొడుకు వచ్చేదాకా మెట్ల మీద పక్కన కూర్చున్నాను. ఆఫీసుకి వెళ్లేసరికి గేటు వేసేశారు.

నా చేతుల్లో లేదు.

జూన్ 22

శనివారం సగం పూట ఆఫీసు తీస్తారు. వెళ్లలేదు. గడువు నిన్నటితో తీరిపోయింది కదా, వెళ్లి ఏం లాభం.

జూలై 2, మంగళవారం

లిస్టు చూడటానికి తను ఒక్కతే వెళ్లింది. నాకు పనుందన్నాను.

సాయంత్రం నేను వచ్చేసరికి చిట్టి వదిన వాళ్ల దగ్గరుంది. తను మంచమ్మీద కూర్చుని ఉంది. చెప్పులు విప్పలేదు. మొదటి పేజీలో పేరు లేదట. ఇల్లు వచ్చేసి ఉంటుందని సంబరంగా కౌంటరుకి వెళ్లిందట. కౌంటరావిడ కంప్యూటరు తెర తన వైపు తిప్పి చూపించిందట. జూన్ పదకొండున అందింది. వదిన సంతకం ఉంది. గడువులోగా జవాబు లేదు. రెండో తిరస్కారం. తొమ్మిదో పేజీలో నాలుగు వందల ఆరో పేరు మాది.

ఇదంతా షెడ్డులో లెక్క అప్పజెప్పినట్టు చెప్పింది. తర్వాత అడిగింది.

"ఇల్లు చూశారా?"

చూశానన్నాను.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"చిట్టికి వేరే గది ఉందా?"

"ఉంది. చిన్నదే. గడియ కూడా ఉంది."

"వంటిల్లు?"

వెలుతురొస్తుందన్నాను. గట్టు ఎత్తు చెప్పాను. పోయినవాళ్ల గురించి అడిగినట్టు ఒక్కొక్కటీ అడుగుతోంది. కిటికీ ఎటుంది, బడి ఎంత దూరం, పక్కవాళ్లెలాంటివాళ్లు. నేను అన్నిటికీ జవాబు చెప్పాను. చెమ్మ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను.

"నేను వెళ్లిపోతాననే కదా దాచారు," అంది.

అవునన్నాను.

"నేను వెళ్లడం ఆగదు. ఇంటికి వెళ్లాల్సినదాన్ని, ఇప్పుడు ఇల్లు లేకుండానే వెళ్తాను. అంతే తేడా."

అప్పుడు వంగి చెప్పులు విప్పుకుంది. తనకి కోపం వస్తే ఎలా ఓర్చుకోవాలో నేను పది రోజులుగా సిద్ధపడుతున్నాను. తనకి కోపం రాలేదు. దానికి నేను సిద్ధపడలేదు.

జూలై 7, ఆదివారం

తన పిన్ని ఇంటికి వెళ్లారు. అక్కడ ఐదుగురు ఉన్నారు, వీళ్లతో ఏడుగురు. హాల్లో సోఫా పక్కన చోటిచ్చారట. కుట్టుమిషనూ రెండు పెట్టెలూ నేనే వ్యాను ఎక్కించాను. వదిన మెట్ల మీద నిలబడి ముక్కు తుడుచుకుంది.

చిట్టి మొన్నటి నుంచి నాతో మాట్లాడలేదు. వాళ్లమ్మ చెప్పి ఉండదు, తనంతట తనే కనిపెట్టింది. వ్యాను కదిలేముందు నా దగ్గరికొచ్చి, "నాన్నా, ఆ ఇంట్లో బడి గంట వినిపిస్తుందా?" అని అడిగింది. వినిపిస్తుందన్నాను. తల ఊపి ఎక్కేసింది.

గది పెద్దగా ఉంది. ఒంటరివాడికి నూట ఇరవై చదరపు అడుగులు. ఆఫీసు లెక్క ప్రకారం నాకిప్పుడు ఇరుకు లేదు.

జూలై 10

కౌంటరుకి వెళ్లి బతిమాలాను. అప్పీలు చేసుకోవచ్చంది. అయితే ఉత్తరం మీ చేతికి అందలేదనే కారణం మీదేనండీ అంది. మరిచిపోయాను, పనిలో పడ్డాను, ఒంట్లో బాగాలేదు, ఇవేవీ చెల్లవట. నా వెనక నలుగురున్నారు. ఆవిడ తుమ్మి, జేబురుమాలు తీసుకుని, పక్కకి జరగమని చెయ్యి చూపించింది.

జూలై 12

వదినకి జరిగింది మొత్తం చెప్పాను. పదమూడేళ్లలో ఆవిడతో అంతసేపు మాట్లాడటం ఇదే మొదలు. తిట్టింది. నీలాంటి వాడికి పిల్లనిచ్చినందుకు వాళ్లననాలి అంది. బాత్రూము విషయంలో పదమూడేళ్లు మా ఆవిడతో గొడవపడ్డ మనిషి, తన తరఫున నన్ను తిట్టింది. తర్వాత కాగితం తెమ్మంది. 'ఉత్తరం నేనే తీసుకున్నాను, ఎక్కడో పెట్టి మరిచిపోయాను, మా మరిదికి ఇవ్వలేదు' అని రాసి సంతకం పెట్టింది. అక్షరాలు వంకర. అన్నయ్య పేపరు చదువుకుంటూ తలెత్తలేదు.

జూలై 16

అప్పీలు ఫారం నింపాను. 'గడువులోగా జవాబు ఇవ్వకపోవడానికి కారణం' అని ఒక గడి ఉంది. నాలుగు గీతల చోటు. ఉత్తరం నాకు అందలేదు అని రాశాను. వదిన కాగితం జత చేశాను.

ఇక్కడ ఎన్ని గీతలైనా ఉన్నాయి. జూన్ 21న ఫోను మధ్యాహ్నం మూడింటికి వచ్చింది. ఆఫీసు ఎదురుగా టీ బంకు ఉంది, దాని బల్ల మీద నేను పొద్దున పదకొండు నుంచి కూర్చుని ఉన్నాను. నాలుగు గంటలు. మూడు టీలు తాగాను. గేటు తెరిచే ఉంది. కౌంటరావిడ రెండుసార్లు బయటికొచ్చి ఎండలో నిలబడి తుమ్మి లోపలికెళ్లింది. లేచి రోడ్డు దాటితే నలభై అడుగులు. ఫోను మోగినప్పుడు ఎంత ఆత్రంగా లేచానో టీ బంకువాడు కూడా చూశాడు. కంపెనీలో ఆ రోజు ఇంకో ఇద్దరు మెకానిక్కులు ఖాళీగా ఉన్నారు. నేనే వెళ్తానన్నాను. ఆ పెద్దావిడ కొడుకు వచ్చేదాకా కూర్చోమని నన్నెవరూ అడగలేదు.

ఆవిడ పదేపదే నాకు దణ్ణం పెట్టింది.

ఆగస్టు 20

అప్పీలు కొట్టేశారు. ఇంటి సభ్యుల్లో ఎవరికి అందినా దరఖాస్తుదారుకి అందినట్టేనట. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాను, ఆ ఆకులూ కాలిపోయాయి. వదినకి చెబితే, నా సంతకం వట్టిదే అయిందా అంది.

సెప్టెంబరు 3

లిస్టు చూడటానికి వెళ్లాను. మూడు వందల తొంభై ఎనిమిది. చూసి ఏం చేస్తానో తెలియదు గానీ, మొదటి మంగళవారం కాళ్లు అటే నడిచాయి.

రూల్సు తాతకి మొత్తం చెప్పాను. తిడతాడనుకున్నాను. సంచిలోంచి నిబంధనల పుస్తకం తీసి పేజీలు తిప్పాడు. కాదన్న రెండుసార్లూ నా పేరు మీద ఉన్నాయి. నేను దరఖాస్తులోంచి పూర్తిగా తప్పుకుంటే ఆ మచ్చ నాతో పోతుంది, తను చిట్టితో కొత్తగా పెట్టుకోవచ్చు. పాత తేదీ ఎటూ రాదు. కానీ ఏడుగురున్న ఇంట్లో హాల్లో పడుకుంటున్నారు కనక మార్కులు బాగా వస్తాయి. నేను తప్పుకోనంత కాలం తనకి ఆ దారి లేదు. ఒక మనిషి పేరు రెండు దరఖాస్తుల్లో ఉండకూడదట.

"మరి నా సంగతి?" అన్నాను.

"ఒంటరి మగవాళ్ల వరస వేరే ఉంది. అది కదలడం నేనింతవరకూ చూడలేదు," అన్నాడు. "నేనున్నది దాంట్లోనే."

సెప్టెంబరు 12

చిట్టి వాళ్లమ్మ, నేను వేర్వేరుగా వచ్చి ఆఫీసు దగ్గర కలుసుకున్నాం. కౌంటరావిడ ఫారం తిప్పి, ఇక్కడా ఇక్కడా అని వేలు పెట్టి చూపించింది. రెండు చోట్లా సంతకం చేశాను. నా పేరు కొట్టేసేముందు, బాగా ఆలోచించుకున్నారా, తర్వాత మళ్లీ కలపడం కుదరదు అంది. పక్కన తను ఏమైనా అంటుందేమోనని ఒక్క నిమిషం ఆగాను. తను సంచిలో చిట్టి బడి సర్టిఫికెట్టు వెతుక్కుంటోంది.

కొట్టేయండి అన్నాను.

వాళ్లిద్దరికీ నూట పద్దెనిమిదో చోటొచ్చింది. బయటికొచ్చాక తను, "వస్తాను," అంది. ఎక్కడికి వస్తుంది. మాట వరసకి అంటారంతే.

అక్టోబరు 1

పేజీ మీద అచ్చులో ఉన్న వారం కొట్టేసి శుక్రవారం అని రాశాను. ఇది మూడేళ్ల తర్వాతి అక్టోబరు. ఈ డైరీలో పేజీలు మిగిలే ఉన్నాయి. వదిన సగం గది సామానుకి వాడుకుంటోంది, పెట్టెలు సర్దుతుంటే బయటపడింది.

నిన్న చిట్టి ఫోను చేసింది. పద్నాలుగేళ్లొచ్చాయి, గొంతు వాళ్లమ్మ గొంతులా అయింది. ఇల్లు వచ్చింది నాన్నా, రేపు సామాను చేరవేస్తున్నాం, మంచం మోయడానికి మనిషి కావాలి అంది. అమ్మ చెయ్యమందా అని అడిగాను. అమ్మకి తెలుసు అంది.

సెలవు పెట్టి వెళ్లాను. ఊరి చివర, కింది అంతస్తు, రెండు గదులు. పిన్ని వాళ్లాయనకి నడుంనొప్పి, ఆయన వ్యాను దగ్గర కుర్చీ వేసుకుని అటు పెట్టు ఇటు పెట్టు అని చెబుతున్నాడు. మంచం, బీరువా, చిట్టి బల్ల నేనూ వ్యాను డ్రైవరూ మోశాం. చిట్టి వాళ్లమ్మ లోపల నేల తుడుస్తోంది. మంచం ఎక్కడ వెయ్యాలని అడిగితే గోడవారగా అని చూపించింది. మనిషి కాస్త చిక్కింది. కళ్లజోడు వచ్చింది. కళ్లజోడు ఎప్పుడు వచ్చిందని అడగడానికి మంచి సమయం కాదనిపించింది.

బల్ల దించుతుంటే కరెంటాఫీసు మనిషి వచ్చాడు, మీటరు బిగించడానికి. బిగించి, రీడింగు రాసుకుని, పుస్తకమూ పెన్నూ నా ముందుకి చాపాడు.

"ఇంటాయన మీరేనా? ఇక్కడో సంతకం పెట్టండి."

ఎందుకో చెయ్యి ముందుకు వెళ్లింది. లోపల నేల తుడుస్తున్న చప్పుడు ఆగింది. చిట్టి గుమ్మంలో నిలబడి నా వంక చూస్తోంది.

"కాదండీ," అన్నాను. "సామాను మోయడానికి వచ్చాను."

చిట్టి వాళ్లమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెన్ను తీసుకుని, గోడకి ఆనించి పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. ఎక్కడా తొందరపడలేదు.

వ్యానులో ఇంకా కుట్టుమిషను ఉంది. దాన్ని దించడానికి వెళ్లాను.